ఫ్లోరైడ్‌ను పసిగట్టే చుక్క: కణం బయట పనిచేసే జన్యువు



ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎందరి పళ్లను, ఎముకలను దెబ్బతీసిందో మనకు తెలుసు. నాగోల్, ఎల్‌బీ నగర్ కాలనీల్లో ఆ వైపు బంధువులు ఉన్న కుటుంబాలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే, ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు కంటికి తేటగానే కనిపిస్తాయి. మరి ఎలా పట్టుకోవాలి? దీనికి జీవశాస్త్రం ఒక కొత్త దారి చూపిస్తోంది.

తలుపు మూసిన వంటగది

జన్యువు అంటే వంటల పుస్తకం అనుకోండి. అందులోని ఒక వంటను చీటీ మీద రాసుకుంటే అది ఆర్‌ఎన్‌ఏ. చీటీ చూసి వండినది ప్రోటీన్. ఈ మొత్తం పనినే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఇదంతా కణం లోపల, తలుపు మూసిన వంటగదిలో జరుగుతుంది.

శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా కణాలను పగలగొట్టి, లోపలి వంట సామగ్రిని మాత్రం తీసి చిన్న గొట్టంలో పోస్తారు. దానికి తమకు కావలసిన డీఎన్ఏ కలుపుతారు. పెళ్లి వంట పందిట్లో చేసినట్టు, ఇక అంతా కళ్లముందే. 1961లో నీరెన్‌బర్గ్, మథాయ్ ఇలాంటి ద్రవంతోనే జన్యు సంకేతంలో మొదటి పదాన్ని చదివారు.

ఎలా గమనిస్తారు?

రెండు దశలనూ విడిగా చూస్తారు. చీటీ తయారైందా అని తెలియడానికి, ఒక రంగు పదార్థం అంటుకోగానే వెలిగే ఆర్‌ఎన్‌ఏను వాడతారు. వాటి పేర్లు స్పినాచ్, బ్రకోలీ! వంట పూర్తయిందా అని తెలియడానికి, మొదట జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ను వాడతారు. ఫలితం రాకపోతే లోపం ఏ దశలో ఉందో దీంతో తెలుస్తుంది.

ఫ్లోరైడ్ పరీక్ష

బతికున్న బ్యాక్టీరియా ఫ్లోరైడ్‌ను బయటికి తోసేస్తుంది కాబట్టి దానితో ఈ పరీక్ష కష్టం. కణం లేని ద్రవానికి ఆ అడ్డు లేదు. 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్లోరైడ్ తగిలితేనే పనిచేసే ఆర్‌ఎన్‌ఏ స్విచ్‌ను ఇందులో పెట్టి, మిశ్రమాన్ని పొడిగా ఆరబెట్టారు. నీటి చుక్క వేస్తే చాలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా పసుపు రంగు వస్తుంది. కోస్టారికాలో నేరుగా నీటి వనరుల దగ్గరే పరీక్షించి చూశారు.

అయితే మన దేశ ప్రమాణం ఇంకా కఠినం: లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు. కాబట్టి ఇది ఇప్పుడే ల్యాబ్ పరీక్షకు బదులు కాదు.

ఇంట్లో మనం చేయగలిగినది

- తాగడానికి, వంటకు బోరు నీళ్లు వాడుతుంటే ల్యాబ్‌లో ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి.
- మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది.
- ఎనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారయ్యే వయసు అదే. అప్పుడు పడిన మచ్చలు వాటంతట అవి పోవు.

ఈ నెల మీ పిల్లలను ఒక ప్రశ్న అడగండి: "కణం లేకుండా జన్యువు పనిచేస్తుందా?" జవాబు వాళ్లే మీకు వివరిస్తే, పాఠం అర్థమైనట్టే.