దుబాయ్‌లో ఫ్యాట్ ఫ్రీజింగ్: క్లినిక్‌కు డబ్బు కట్టే ముందు నాలుగో నెల సంగతి అడగండి

దుబాయ్‌లో ఉన్నవారు ఫోన్‌లో ‘ఫ్యాట్ ఫ్రీజింగ్’ అని ఒక్కసారి వెతికితే చాలు, వారం రోజులపాటు అవే ప్రకటనలు వెంటపడతాయి. కత్తి పెట్టరు, కుట్లు వేయరు, మత్తు ఇవ్వరు, లంచ్ టైమ్‌లో వెళ్లి వచ్చేయొచ్చు అంటాయి. రెండు సైకిళ్లు కొంటే మూడోది ఉచితమని, టాబీలోనో తమారాలోనో వాయిదాల్లో కట్టుకోవచ్చని ఊరిస్తాయి.

క్లినిక్‌ను ఎంచుకునేవారు సాధారణంగా ధర చూస్తారు, ఇంటికి ఎంత దూరమో చూస్తారు, గూగుల్ రేటింగ్ చూస్తారు. కానీ ఈ చికిత్స తీరు వేరు. చేయించుకున్న రోజు ఫలితమేమీ కనిపించదు. మంచైనా చెడైనా బయటపడేది రెండు మూడు నెలల తర్వాతే. ఉద్యోగం మీద, ఆ ఉద్యోగం ఇచ్చిన వీసా మీద ఆధారపడి ఉంటున్నవారు అప్పటికి అదే ఊళ్లో ఉంటారన్న గ్యారంటీ లేదు. పరాయి దేశంలో క్లినిక్ ఎంపికను కష్టం చేసేది ఇదే.

పుల్ల ఐసు నుంచి పుట్టిన చికిత్స

ఎక్కువసేపు పుల్ల ఐసు చప్పరించిన పసిపిల్లల బుగ్గల్లో కొవ్వు పొర వాచి గట్టిపడుతుందని 1970లోనే వైద్య పత్రికల్లో రాశారు. చర్మానికి పెద్దగా ఏమీ కాకుండా, దాని కింద ఉన్న కొవ్వు మాత్రమే చలికి దెబ్బతింటోందన్నది ఆసక్తికరమైన విషయం. అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ ఈ గుణాన్నే చికిత్సగా మలిచారు. పందులపై చేసిన ప్రయోగాల ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆ పరిశోధన ఆధారంగా వచ్చిన ‘కూల్‌స్కల్ప్టింగ్’ యంత్రాన్ని నడుము పక్కల కొవ్వుకు వాడేందుకు 2010లో, పొట్టకు వాడేందుకు 2012లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. తొడలు, గడ్డం కింది భాగం తర్వాత చేరాయి. వైద్య భాషలో దీన్ని క్రయోలిపోలిసిస్ అంటారు.

నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రత కన్నా ముందే కొవ్వు గట్టిపడుతుంది. వంటింట్లో నెయ్యి పేరుకోవడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. యంత్రానికి ఉండే కప్పు లాంటి పరికరం చర్మాన్ని, కింది కొవ్వును లోపలికి లాగి పట్టుకుని, సున్నాకన్నా పది, పదకొండు డిగ్రీలు తక్కువ చలిలో అరగంట నుంచి గంట దాకా ఉంచుతుంది. దెబ్బతిన్న కొవ్వు కణాలు మెల్లగా చనిపోతాయి. వాటిని శరీరమే రెండు మూడు నెలల్లో శుభ్రం చేసుకుంటుంది. అలా కప్పు ఒకసారి బిగించి తీస్తే ఒక సైకిల్. క్లినిక్‌లు డబ్బు లెక్కకట్టేది ఈ సైకిళ్లనే.

అన్నీ అనుకున్నట్టు జరిగితే, కప్పు పెట్టిన చోట కొవ్వు పొర మందం దాదాపు 20 నుంచి 25 శాతం తగ్గుతుంది. బరువు తగ్గదు. షుగర్, కొలెస్టరాల్ తగ్గవు. ‘పది కిలోలు కరిగిస్తాం’ అనే క్లినిక్‌కు ఈ చికిత్స గురించి తెలియదనుకోవాలి, లేదా తెలిసీ అబద్ధం చెబుతోందనుకోవాలి.

భారతీయుల విషయంలో మరో చిక్కు ఉంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీరం మనవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో ఎక్కువ. అలాంటి పొట్టలో కొవ్వు చాలావరకు చర్మం కింద కాకుండా, పేగుల చుట్టూ లోపల ఉంటుంది. చలి అక్కడిదాకా వెళ్లదు. నిలబడి పొట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చేతికి దొరికే మడత మాత్రమే ఈ యంత్రానికి అందేది. పొట్ట గట్టిగా, చేతికి అందకుండా ఉంటే ఎంత ఖరీదైన క్లినిక్‌కు వెళ్లినా ప్రయోజనం ఉండదు. ఈ మాట చెప్పి వెనక్కి పంపే డాక్టర్ ఉన్న చోటు మంచి క్లినిక్ అని నమ్మొచ్చు.

తగ్గాల్సిన చోట పెరిగితే

చికిత్స తర్వాత ఎరుపెక్కడం, వాపు, కమిలిన మచ్చలు, కొన్ని వారాలు తిమ్మిరి మామూలే. అసలు భయం పారడాక్సికల్ అడిపోస్ హైపర్‌ప్లాసియా. పొట్టిగా పీఏహెచ్ అంటారు. తగ్గాల్సిన కొవ్వు తగ్గకపోగా, చికిత్స అయిన కొన్ని నెలలకు అదే చోట పెరగడం మొదలవుతుంది. నొప్పి ఉండదు. గట్టిగా, చాలాసార్లు కప్పు బిగించిన ఆకారంలోనే ఉబ్బి కనిపిస్తుంది. దానంతట అది తగ్గదు. వ్యాయామానికి, డైటింగ్‌కు లొంగదు. దాన్ని తీయాలంటే ఆపరేషనే దారి. చాలామందికి లైపోసక్షన్, కొందరికి చర్మంతో సహా తీసే పెద్ద శస్త్రచికిత్స అవసరమవుతుంది.

తెలుగువారికి లైపోసక్షన్ అనగానే సినీనటి ఆర్తీ అగర్వాల్ గుర్తుకొస్తారు. ఆమె 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆపరేషన్ అంటే భయపడే చాలామంది ‘కత్తి లేని’ చికిత్స వైపు వస్తారు. వారిలో కొందరికి పీఏహెచ్ వస్తే, ఏ కత్తికి భయపడ్డారో చివరికి దాని కిందికే వెళ్లాల్సి వస్తుంది.

ఈ సమస్యను ప్రపంచం దృష్టికి తెచ్చింది కెనడాకు చెందిన ప్రఖ్యాత మోడల్ లిండా ఎవాంజెలిస్టా. కూల్‌స్కల్ప్టింగ్ తర్వాత తన శరీరం వికృతంగా మారిందని ఆమె 2021 సెప్టెంబర్‌లో బయటపెట్టారు. తయారీ సంస్థపై 5 కోట్ల డాలర్ల దావా వేశారు. 2022 జులైలో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి.

ఇది ఎంతమందికి వస్తుందన్నది క్లినిక్‌లు ఎక్కువగా దాటవేసే ప్రశ్న. 2014లో మొదటి కేసు ప్రచురితమైనప్పుడు 20 వేల సైకిళ్లకు ఒకటని అంచనా వేశారు. తర్వాతి అధ్యయనాలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూపాయి. కొన్నింటిలో అది వెయ్యికి ఒకటి కన్నా ఎక్కువే. పైగా ఈ లెక్కలు చాలావరకు సైకిళ్లకు చెప్పేవి, మనుషులకు కాదు. రెండు వేల సైకిళ్లకు ఒకటి అనుకున్నా, పొట్టకూ నడుముకూ కలిపి ఎనిమిది సైకిళ్లు చేయించుకున్న మనిషికి ఆ అవకాశం సుమారు 250కి ఒకటి అవుతుంది. ‘చాలా అరుదు’ అన్న మాట అబద్ధం కాదు. అది పూర్తి నిజమూ కాదు.

క్లినిక్ గడప దగ్గర

యూఏఈలో వైద్య కేంద్రాలపై అజమాయిషీ ఒక్కరిది కాదు. దుబాయ్‌లో దుబాయ్ హెల్త్ అథారిటీ, అంటే డీహెచ్‌ఏ, అబూ ధాబీలో అక్కడి ఆరోగ్య శాఖ, షార్జా, అజ్మాన్ లాంటి ఉత్తరాది ఎమిరేట్‌లలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ లైసెన్సులిస్తాయి. దుబాయ్ హెల్త్‌కేర్ సిటీకి సొంత నియంత్రణ సంస్థ ఉంది. కాబట్టి ‘మాకు లైసెన్స్ ఉంది’ అంటే ఎవరిచ్చినది, దేనికి అని అడగాలి. సెలూన్‌కు ఉండే వాణిజ్య లైసెన్స్ వేరు, వైద్య కేంద్రం లైసెన్స్ వేరు. దుబాయ్‌లో డాక్టర్ పేరును, క్లినిక్ పేరును డీహెచ్‌ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. షార్జాలో ఇల్లు, దుబాయ్‌లో ఉద్యోగం ఉన్నవారు ఈ రెండు చోట్ల నియంత్రణ సంస్థలు వేర్వేరని గుర్తుంచుకోవాలి. ఫిర్యాదు చేయాల్సి వస్తే క్లినిక్ ఏ ఎమిరేట్‌లో ఉందన్నదే లెక్క.

యూఏఈలో ఆరోగ్య ప్రకటనలకు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆఫర్లన్నింటికీ ఆ అనుమతి ఉందో లేదో క్లినిక్‌నే అడగొచ్చు. తడబడితే జవాబు దొరికినట్టే.

తర్వాత యంత్రం. కూల్‌స్కల్ప్టింగ్ ఒక కంపెనీ బ్రాండ్ పేరు. ఫ్యాట్ ఫ్రీజింగ్ అన్నది పద్ధతి. దక్షిణ కొరియా, స్పెయిన్ సంస్థల యంత్రాలూ మార్కెట్లో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఊరూ పేరూ లేని యంత్రాలూ ఉన్నాయి. ఎఫ్‌డీఏ అనుమతి ఒక నిర్దిష్ట యంత్రానికి, శరీరంలో నిర్దిష్ట భాగాలకు ఇచ్చేది. ‘మా ట్రీట్‌మెంట్ ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అన్న వాక్యానికి దానంతట అర్థం లేదు. ఏ యంత్రం, ఏ మోడల్ అని అడిగి రాయించుకోవాలి. చర్మానికీ కప్పుకూ మధ్య వేసే జెల్ ప్యాడ్‌ను ప్రతి సైకిల్‌కూ కొత్తది కళ్ల ముందే తెరిచి వేయాలి. అది లేకపోయినా, సరిగా పరచకపోయినా, యంత్రంలో చలిని అదుపు చేసే ఏర్పాటు నాసిరకమైనా చర్మం చలికి కాలిపోతుంది.

ముందు డాక్టర్ చూడాలి. డాక్టర్ అంటే ప్యాకేజీలు అమ్మే కౌన్సెలర్ కాదు. చలికి రక్తంలో మార్పులు వచ్చే కొన్ని అరుదైన జబ్బులు, ఉదాహరణకు క్రయోగ్లోబులినీమియా, కోల్డ్ అగ్లుటినిన్ వ్యాధి ఉన్నవారికి ఈ చికిత్స అసలు చేయకూడదు. చలికి దద్దుర్లు వచ్చేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందే చెప్పాలి. బొడ్డు దగ్గర లేదా పాత ఆపరేషన్ కుట్ల దగ్గర హెర్నియా ఉందేమో చేత్తో నొక్కి పరీక్షించాలి. సిజేరియన్ అయిన మహిళలకు ఇది మరీ ముఖ్యం. పడుకోబెట్టి పొట్ట చూడకుండానే ఆరు సైకిళ్లకు బిల్లు రాసేచోట ఇంకేమీ అడగనక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

ధర విషయం త్వరగా చెప్పుకోవచ్చు. సైకిల్‌కు ఎంత అన్నదాని కన్నా మొత్తం ఎన్ని సైకిళ్లు అన్నది ముఖ్యం. సౌందర్య చికిత్సలపై యూఏఈలో 5 శాతం వ్యాట్ ఉంటుంది, చెప్పిన ధరలో అది కలిసిందో లేదో చూసుకోవాలి. మొదటి విడత ఫలితం చూడకుండా రెండో విడతకు ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీ వల్ల లాభం క్లినిక్‌కే.

ఉద్యోగం మారితే, ఊరు మారితే

దుబాయ్‌లో ఆరోగ్య బీమా తప్పనిసరే అయినా, కంపెనీలు ఇచ్చే పాలసీలు సాధారణంగా సౌందర్య చికిత్సల ఖర్చు భరించవు. వాటి వల్ల వచ్చే దుష్ఫలితాలకు కూడా చాలా పాలసీలు చెల్లించవు. అంటే పీఏహెచ్ వస్తే ఆపరేషన్ ఖర్చు సొంత జేబులోంచే. ఆ ఆపరేషన్ కూడా వెంటనే చేయరు. ఉబ్బిన భాగం కాస్త మెత్తబడేదాకా నెలల తరబడి ఆగమంటారు. ఈలోగా ఉద్యోగం పోయి వీసా రద్దయిందనుకుందాం, కంపెనీ రియాద్‌కో దోహాకో బదిలీ చేసిందనుకుందాం. చికిత్స చేసిన డాక్టర్ ఒక దేశంలో, శరీరం ఇంకో దేశంలో ఉంటాయి.

అందుకే డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నాలుగో నెలలో ఈ చోట గట్టిపడి ఉబ్బితే ఎవరు చూస్తారు, ఎవరి ఖర్చుతో? పీఏహెచ్ పేరు ఎత్తగానే డాక్టర్ ముఖం ఎలా మారుతుందో గమనించాలి. ఇప్పటిదాకా ఆ క్లినిక్‌లో ఎన్ని చూశారు, చూసినప్పుడు ఏం చేశారు, తయారీ సంస్థకు తెలియజేశారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వేల సైకిళ్లు చేసి ‘ఒక్కటీ రాలేదు’ అనే క్లినిక్, మూడు నెలల తర్వాత ఎవరినీ మళ్లీ పిలిచి చూడటం లేదేమో కూడా.

సెలవులో హైదరాబాద్ వచ్చి చేయించుకుంటే చవక కదా అన్న ఆలోచన గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవారిలో ఉంది. చవక కావచ్చు. కానీ ఇక్కడ చిక్కు తిరగబడుతుంది. రెండు మూడు వారాల సెలవు అయిపోతుంది, ఫలితం తెలిసేనాటికి మనిషి తిరిగి విదేశంలో ఉంటారు. మళ్లీ సెలవు ఏడాదికి. హైదరాబాద్‌లోనే చేయించుకోవాలనుకుంటే సెలవు మొదట్లో చేయించుకోవడం, తర్వాతి రాకను మూడు నాలుగు నెలల్లో పెట్టుకోగలరేమో చూసుకోవడం మేలు. డాక్టర్ రిజిస్ట్రేషన్‌ను తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో, ఏపీలో అయితే అక్కడి మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. కాబట్టి భారత్‌లో వినియోగదారుల కమిషన్ దారి ఉంది. అయితే బిల్లు ఉండాలి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్న మాటకు లొంగితే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

బ్రిటన్‌లో ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. ఆపరేషన్ లేని సౌందర్య చికిత్సలకు ఇంగ్లండ్‌లో లైసెన్సింగ్ విధానం తెచ్చే అధికారాన్ని 2022 నాటి ఆరోగ్య చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది గానీ, చట్టం రావడం వేరు, వీధిలోని బ్యూటీ పార్లర్ దాకా నియంత్రణ చేరడం వేరు.

ఏ దేశంలో చేయించుకున్నా కొన్ని కాగితాలు మనిషితో పాటు ప్రయాణించాలి. చికిత్సకు ముందు తీసిన ఫొటోలు, యంత్రం పేరు, మోడల్, ఏ భాగంలో ఏ కప్పు పెట్టారు, ఎన్ని సైకిళ్లు, తేదీలు, చేసినవారి పేరు, లైసెన్స్ నంబర్, సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం ప్రతి, బిల్లు. చాలా క్లినిక్‌లు ఫొటోలు తమ టాబ్లెట్‌లోనే ఉంచుకుంటాయి, అడిగితే తప్ప ఇవ్వవు. అదే రోజు, అక్కడే, సొంత ఈమెయిల్‌కు పంపించుకోవాలి. సంతకం చేసేముందు కన్సెంట్ ఫారంలో పీఏహెచ్ ప్రస్తావన ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనాలి. అరబిక్, ఇంగ్లిష్ రెండింట్లో ఉన్న ఫారం అర్థం కాకపోతే ఇంటికి తెచ్చుకుని, చదివి, మర్నాడు సంతకం చేయొచ్చు. ‘ఆఫర్ ఈ రోజుతో ఆఖరు’ అని క్లినిక్ అంటే, ఆ ఆఫర్ పోనివ్వొచ్చు.