కంటిలోని తంతివార్తలు

మండువేసవి మధ్యాహ్నము ఎండలో నడచివచ్చి సినిమాహాలులో అడుగుపెట్టినవారికి మొదట కుర్చీలు కానరావు. తడవుకొనుచు, ఇతరుల కాళ్లు త్రొక్కుచు ఎట్లో కూర్చుండెదము. పది నిమిషములకు ప్రక్కవారి ముఖము తెలియును. అరగంటకు హాలంతయు కనబడును. దీపము వెలిగించిన వారెవరును లేరు. మార్పు వచ్చినది మన కంటిలోనే.

కంటి వెనుక గోడను ఆనుకొని రెటీనా అను పలుచని పొర కలదు. ఇందు వెలుగును గ్రహించు కణములు ముఖ్యముగా రెండు విధములు. దండకణములు ఒక్కొక్క కంటిలో సుమారు 10 కోట్లు. మసక వెలుతురులో చూపు వీనిది. శంకుకణములు 50, 60 లక్షలు. పగటిచూపు, రంగుల భేదము వీని మూలమున కలుగును. అయితే మెదడునకు పోవు నేత్రనాడిలో తంతువులు దాదాపు 10 లక్షలు మాత్రమే. ఇన్ని కోట్ల కణముల వార్త ఇంత తక్కువ తీగలపై ఎట్లు పోవుచున్నది?

వెలుగు తగిలినపుడు కణము కేకవేయుననియు, చీకటిలో ఊరకుండుననియు మనము తలంతుము. నిజము దీనికి విరుద్ధము. 1960 దశకము నడుమ జపాను శాస్త్రజ్ఞుడు త్సునెయో టొమిటా, కార్పు చేప శంకుకణములోనికి అతిసూక్ష్మమైన గాజునాళపు మొనను జొనిపి విద్యుత్తును కొలిచెను. సాధారణముగా నాడీకణము ప్రేరణ పొందినపుడు దాని లోపలి ఋణవిద్యుత్తు తగ్గును. ఇక్కడ వెలుగు పడినపుడు అది హెచ్చినది!

కారణమేమి? చీకటిలో ఈ కణపు పొరలోని ద్వారములు కొన్ని తెరచియుండి, సోడియం అయానులు లోనికి వచ్చుచుండును. అట్టి స్థితిలో కణపు అడుగుభాగమునుండి గ్లుటమేటు అను రసాయనము ఎడతెగక స్రవించుచుండును. దండకణములోని రొడాప్సిన్ అను వర్ణద్రవ్యములో, ఏ విటమిను నుండి పుట్టిన రెటినాల్ అను అణువు వంగియుండును. ఒక్క వెలుగు రేణువు తగిలినను అది నిటారగును. ఆ కదలిక కొన్ని ప్రోటీనులను మేల్కొలుపును; అవి ఒక ఎంజైమును పురికొల్పును; ఆ ఎంజైము, ద్వారములను తెరచి పట్టియుంచు పదార్థమును విచ్ఛిన్నము చేయును. ద్వారములు మూసుకొనును. గ్లుటమేటు తగ్గును. ఆ తగ్గుటయే వార్త.

పూర్వము పల్లెలలో తలారి రాత్రియంతయు పారా హుషారని కేకవేయుచు తిరిగెడివాడు. కేక వినబడుచున్నంతసేపు ఊరు నిద్రించెడిది. అది హఠాత్తుగా ఆగినచో ఇంటివారు లేచి కూర్చుండెడివారు. మన కంటి కణము అట్టి తలారి.

ఈ వార్తను అందుకొను ద్విధ్రువ కణములలో రెండు తెగలు కలవు. ఒక తెగకు గ్లుటమేటు నిద్రమందు వంటిది; అది తగ్గగానే మేల్కొని వెలుగు వచ్చినదని చాటును. రెండవ తెగకు గ్లుటమేటే ప్రేరణ. అది హెచ్చగానే చీకటి పడినదని చాటును. మీరీ పుట చదువునపుడు తెల్లని కాగితమును మొదటి తెగయు, నల్లని అక్షరమును రెండవ తెగయు తెలుపుచున్నవి. అడ్డముగా వ్యాపించిన మరికొన్ని కణములు ఇరుగుపొరుగు వార్తలను కొంత అణచుటచే అక్షరపు అంచు స్ఫుటమగును. పిమ్మట గాంగ్లియాన్ కణములు నేత్రనాడి ద్వారా వార్తను మెదడునకు చేర్చును.

రెటీనా నడుమనున్న శంకుకణమునకు దాదాపు ప్రత్యేక మార్గమే కలదు. కనుకనే సన్నని అక్షరములు చదువగలము. దండకణములట్లు కావు, పెక్కింటి వార్తలు కలిసి ఒక్క తంతువు పైకి చేరును. వివరము పోవును గాని, అత్యల్పమైన వెలుగు కూడ తెలియును. కొద్దిపాటి వెలుగు రేణువులు, ఐదు మొదలు పదునాలుగు, గ్రహింపబడినను మనుష్యునకు వెలుగు తోచునని 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అను మువ్వురు నిరూపించిరి. కృత్తికలను లెక్కింపగోరువారు సూటిగా గాక కొంచెము ప్రక్కగా చూచినచో మరికొన్ని చుక్కలు కనబడుటకు కారణమిదియే: రెటీనా నడిబిందువున దండకణములు లేవు.

నిటారైన రెటినాల్ మరల వంగి రొడాప్సిన్‌లో చేరుటకు కాలము పట్టును. సినిమాహాలులో మనము వేచిన అరగంట ప్రధానముగా ఇందులకే. ఆహారములో ఏ విటమిను కొరవడినచో రొడాప్సిన్ చాలినంత తయారు కాదు. అదియే రేచీకటి. రెటీనాలో ఏ విటమిను కలదని 1933లో కనుగొన్న జార్జి వాల్డ్ 1967లో నోబెల్ బహుమానమును గ్రానిట్, హార్ట్‌లైన్‌లతో పంచుకొనెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారముగా, పసిపిల్లలకు ఆరునెలలకొకసారి ఈ విటమిను ఇచ్చు కార్యక్రమము మన దేశమున 1970లో మొదలైనది.

పగలు చక్కగా ఆడుకొను బిడ్డ దీపాలవేళ తడబడి, గడపకు కాలు తగిలి పడుచున్నచో, ఒళ్లు తెలియని పరుగని కసరరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు చెడి, చూపు శాశ్వతముగా పోవచ్చును. తోటకూర, మునగాకు, బొప్పాయి, పాలు, గ్రుడ్డు మన ఊళ్లలో దొరకని వస్తువులు కావు.