మొదటి పోస్టింగు.. మాట రాని ఊళ్లో
చిక్కబళ్లాపూర్ దాటి బాగేపల్లికో, చింతామణికో తొలి పోస్టింగు పడిన కన్నడ కుర్రాడికి ఒక్కరోజులోనే తెలిసొస్తుంది.. ఆఫీసులో కన్నడం, సంతలో తెలుగు! 1805లో విశాఖపట్నంలో దిగిన జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్‌లదీ ఇదే అవస్థ. లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఈ ఇద్దరూ జనానికి బోధించాలంటే ముందు తామే అక్షరాలు దిద్దాలి. దిద్దారు. క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయరు తోడయ్యాక సువార్తల అనువాదం సాగింది. (సగం పేరు ఆయనకే రావాలి, అది వేరే సంగతి.) 1809లో క్రాన్, మరుసటి ఏడాది డి గ్రాంజెస్ కన్నుమూశారు. తొలి పోస్టింగే ఆఖరిదైంది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయింది 1812లో, శ్రీరాంపూర్ ప్రెస్సులో.