బృహదణుచర్యలు: కోనసీమ నిదర్శనములు

రసాయనశాస్త్రమున ఉన్నతపరీక్షకు జదువు విద్యార్థులకు పాలిమరు చర్యలను భాగము కఠినమని ప్రతీతి. అందలి సమీకరణములు కఠినములు గావు. అవి చిన్న యణువుల ప్రకరణమున నేర్చినవే. చిన్న యణువునకు జెల్లిన న్యాయము పొడవైన యణువునకును యథాతథముగా జెల్లునని తలచుటయే చిక్కునకు మూలము. ఈ భ్రమను దొలగించుటకు గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమలో నిత్యము కంటబడు వస్తువులే చాలును.

ముందుగా మాటను విచారింతము. గ్రీకుభాషలో ‘పోలీ’ యనగా పెక్కు, ‘మేరోస్’ అనగా భాగము. 1833లో స్వీడనుదేశపు రసాయనికుడు బెర్జీలియసు ఈ పేరు గల్పించినపుడు దానికి నేటి యర్థము లేదు. మూలద్రవ్యముల పాళ్లు సమానమై, పరమాణువుల సంఖ్య మాత్రము భిన్నముగా నుండు పదార్థములను ఆయన యట్లు పిలిచెను. రబ్బరు మొదలగునవి చిన్న యణువుల గుంపులే యని పెక్కుమంది శాస్త్రజ్ఞులు చాలకాలము తలచిరి. 1920లో జర్మనీదేశపు ష్టాడింగరు, అట్టి పదార్థమున నొక్కొక్క యణువే యసంఖ్యాకములగు భాగములు గట్టి బంధములచే గూడిన పొడవైన గొలుసని ప్రతిపాదించెను. తీవ్రమైన వాదప్రతివాదముల పిమ్మట ఆ మతము నిలిచినది. 1953లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. కావున మన శాస్త్రగ్రంథములందలి ‘బృహదణువు’ అను మాట, ‘పాలిమరు’ కంటె స్పష్టముగా నీ భావమును దెలుపుచున్నది.

ఇక చర్యల విషయము. మొదటి నిదర్శనము నూలు. అమలాపురము చెంతనున్న బండారులంక చేనేతకు బేరుగన్న గ్రామము. మగ్గముమీది నూలుపోగు సెల్యులోసను బృహదణువులతో గూడినది; ఒక్కొక్క గొలుసున వేలకొలది గ్లూకోజు భాగములును, ఒక్కొక్క భాగమున మూడేసి హైడ్రాక్సిలు గుంపులును గలవు. 1956లో అంగడికి వచ్చిన రియాక్టివు రంగులు ఈ గుంపులతో రసాయనబంధమునే యేర్పరచుకొనును. కాగితముమీది లెక్కకు మూడు చోట్లును సమానమే. కాని పోగులోని గొలుసులు కొన్నియెడల బిగువుగా స్ఫటికరూపమున నొదిగియుండును. రంగు అచట జొరలేదు. గొలుసులు వదులుగా నున్న తావులనే యది చేరును. నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచి యుబ్బించు పద్ధతికి ఇంగ్లండున మెర్సరు 1850లో పేటెంటు పొందెను. ఆ సంస్కారమువలన నూలు ఎక్కువ రంగును గ్రహించును. బృహదణుచర్యలో గుంపు ఉన్నదా యని మాత్రమే గాక, అది యందుబాటులో నున్నదా యనియు విచారింపవలెను.

రెండవది పొరుగు. ఇండ్లకు నీరు దెచ్చు పి.వి.సి. గొట్టమునందలి గొలుసున కర్బనము విడిచి కర్బనమునకు క్లోరిను గలదు. ఈ పదార్థమును ద్రావణమున జింకుతో జర్య నొందించిన, ప్రక్కప్రక్కనున్న రెండేసి క్లోరినులు జోడుగా దొలగిపోవును. దీనిని విందుపంక్తితో బోల్పవచ్చును. పొడవైన పంక్తిలో గూర్చున్నవారు తమ ప్రక్కవానితో జోడుగూడియే లేవవలెనని నియమ మున్నదనుకొందము. ఏ జోడు ముందు లేచునో నిర్ణయము లేదు. ఇరుప్రక్కలవారును వేఱు జోడులతో లేచిపోయినవాడు, తోడు లేక యట్లే మిగులును. ఈ మిగులు నూటికి 13.5 అని 1939లో అమెరికాదేశపు ఫ్లోరీ గణించెను. సహజ లాగరిథముల పీఠసంఖ్యయొక్క వర్గముచే ఒకటిని భాగించిన వచ్చు ఫలమిది. ఆ యేడే మార్వెలు మొదలగువారు జరిపిన పరీక్షల ఫలితములును దీనికి జాల దగ్గఱగా వచ్చినవి. జింకు ఎంత యధికముగా వేసినను, ఎంతకాలము వేచినను చర్య పూర్ణము గాదు. ఇది పనివాని లోపము గాదు, గొలుసు స్వభావము.

దీనినుండియే మఱియొక విశేషము గలుగుచున్నది. చిన్న యణువుల చర్యలో మిగిలిన ముడిపదార్థమును బట్టిపట్టియో, స్ఫటికీకరించియో వేఱుచేయవచ్చును. ఇచట మిగిలిన క్లోరిను, మాఱిన భాగములతోపాటు ఆ గొలుసునకే యంటియుండును. ఫలమును శేషమును ఒకే యణువున నుండగా వానిని విడదీయు టెట్లు?

మూడవ నిదర్శనము కొబ్బరిడొక్క. పీచున నూటికి 40 పాళ్లకు మించి లిగ్నినును, దాదాపు అంతియే సెల్యులోసును గలవు. డొక్కలను నీట నానవేసినపుడు సూక్ష్మజీవులు, పోగుల నతికియుంచు పెక్టిను మొదలగువానిని ముందుగా ఖండించును. లిగ్నినును ఖండించుట వానికి గష్టము. అందుచేత పీచు నిలుచును, నీటితడికి దాళగల త్రాడగును. ఈ ఖండనమే నూలు గొలుసునకు దగిలినచో నేమగును? వేయి భాగముల గొలుసు నడిమి నొక్కచోట దెగిన, చెడిన బంధము వేయింటిలో నొక్కటియే. పొడవు మాత్రము సగమగును. పోగు బలము గొలుసు పొడవు ననుసరించి యుండును గనుక, రసాయనికముగా నత్యల్పమైన మార్పు వస్తువునకు వినాశహేతు వగుచున్నది.

సమీకరణమును వల్లించిన విద్యార్థి నూటికి నూఱు పాళ్లు ఫలము నాశించి, 86 పాళ్లకడ చర్య యాగినచో దన చేతినే తప్పుపట్టుకొనును. కావున బోధించువారు ప్రతి చర్యయెడను మూడు ప్రశ్నలను ముందుంచవలెను: చర్య జరుగు తావు అందుబాటులో నున్నదా? పొరుగున నేమున్నది? గొలుసు తెగక నిలిచినదా? నూలుపోగును, విందుపంక్తిని, కొబ్బరిత్రాటిని ఎఱిగిన విద్యార్థికి ఈ ప్రశ్నలు క్రొత్తవి గావు. వానిని దెనుగున స్పష్టముగా నడుగుట మాత్రము మన పని.