ముక్కు ఆపరేషన్‌కు వారం రోజుల యాంటీబయాటిక్ కావాలా?

ముక్కు దూలం వంకర సరిచేయించుకున్నా, సైనస్ ఆపరేషన్ చేయించుకున్నా, డిశ్చార్జి చీటీలో యాంటీబయాటిక్ బిళ్లలు లేకపోతే చాలామంది కంగారు పడతారు. చాలావరకు ఆ కంగారు అక్కర్లేదు.

అపోహ: ముక్కు నిండా సూక్ష్మజీవులే, కోత పెడితే ఇన్ఫెక్షన్ తప్పదు.

వాస్తవం: స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల ముక్కులోనూ ఉంటుంది. అయినా అక్కడ రక్తప్రసరణ బాగా ఉండటంతో గాయం త్వరగా మానుతుంది. మామూలు దూలం ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ రావడం అరుదు.

అపోహ: ఎన్ని రోజులు వాడితే అంత రక్షణ.

వాస్తవం: ముందుజాగ్రత్త మందు కోత పడే వేళకే ఒంట్లో ఉండాలి. అందుకే అవసరమనుకుంటే కోతకు ముందు గంటలోపు సెఫజోలిన్ వంటి ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ ముగిశాక దాన్ని పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ముక్కు ఆకృతి మార్చే రైనోప్లాస్టీలో సైతం మామూలుగా 24 గంటలు దాటి ఇవ్వవద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2017లో సూచించింది.

అపోహ: రక్తం కారకుండా ముక్కులో కుక్కే ప్యాక్ ఉన్నన్నాళ్లూ యాంటీబయాటిక్ తప్పనిసరి.

వాస్తవం: ఈ భయానికి మూలం టాక్సిక్ షాక్ సిండ్రోమ్. స్టెఫైలోకాకస్ విడిచే విషంతో వచ్చే ఈ జబ్బు ప్రాణాంతకమే కానీ, చాలా అరుదు. బిళ్లలు దాన్ని ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ప్యాక్‌ను వీలైనంత త్వరగా తీసేయడం మేలు.

అపోహ: వాడితే పోయేదేముంది?

వాస్తవం: విరేచనాలు, దద్దుర్లు, ఒక్కోసారి తీవ్రమైన అలర్జీ రావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడం. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిననాడు అదే మందు పనిచేయకపోవచ్చు.

అపోహ: అయితే ఎవరికీ అవసరం లేదు.

వాస్తవం: రోగనిరోధక శక్తి తగ్గినవారికి, మృదులాస్థి ముక్కలు అమర్చే క్లిష్టమైన ఆపరేషన్లలో, ప్యాక్ ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే డాక్టరు వేరుగా నిర్ణయించవచ్చు. సైనస్‌లో అప్పటికే చీము ఉంటే ఇచ్చే మందు చికిత్స, ముందుజాగ్రత్త కాదు. రాసిచ్చిన కోర్సును సొంతంగా ఆపకండి.

జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, ముక్కు రెండువైపులా పూర్తిగా బిగుసుకుపోవడం, ఒంటినిండా ఎర్రటి దద్దు, వాంతులతో కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చీటీలో యాంటీబయాటిక్ ఉంటే డాక్టరును ఒక్క మాట అడగండి: “ఇది ఇన్ఫెక్షన్ ఉందని రాశారా, రాకుండా రాశారా?” రాకుండా అయితే, ఎన్ని రోజులు, ఎందుకు అన్నది తెలుసుకోవడం మీ హక్కు.