మీకు తెలుసా? ఉప్పు వేయకుండానే విద్యుద్విశ్లేషణ

పెయింట్ థిన్నర్లలో వాడే టోలీన్ కరెంటును పారనివ్వదు. అయినా అందులో చిటికెడు ఉప్పు, చుక్క ఆమ్లం కూడా కలపకుండానే విద్యుద్విశ్లేషణతో దాన్ని మరో రసాయనంగా మార్చవచ్చు!

ఆ పని చేయించేది ఒక పల్చటి ప్లాస్టిక్ పొర. శాస్త్రవేత్తలు దీన్ని ఘన పాలిమర్ విద్యుద్విశ్లేష్యం అంటారు. వీటిలో పేరున్నది డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నాఫియాన్. దాని 117 రకం మందం సుమారు 0.18 మిల్లీమీటర్లే. పొరకు రెండువైపులా ఎలక్ట్రోడ్లు అంటి ఉంటాయి. ఒకవైపున్న ఆనోడ్ దగ్గర నీరు విడిపోయి ప్రోటాన్లు పుడతాయి. అవి పొరను దాటుకుని రెండోవైపున్న కాథోడ్‌కు చేరతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి తీగ గుండా వస్తాయి. రెండూ అక్కడున్న టోలీన్‌తో కలిస్తే మిథైల్ సైక్లోహెక్సేన్ తయారవుతుంది. చివర్లో సరుకులోంచి ఉప్పును వేరుచేసే బెడద ఉండదు. ఫ్యాక్టరీకి అసలు లాభం అదే. పొర ఖరీదు మాత్రం తక్కువేం కాదు.

1965లో జెమిని-5 అంతరిక్ష నౌకకు కరెంటు ఇచ్చిన ఫ్యూయల్ సెల్‌లోనూ ఇలాంటి పాలిమర్ పొరే ఉంది. కర్బన రసాయనాల తయారీకి ఈ పద్ధతిని 1980ల తొలినాళ్లలో జపాన్‌లోని క్యోటో పరిశోధకులు ప్రయోగించి చూపారు.

మన బాగలూరు పిల్లల్లో ఎవరికైనా విద్యుత్ రసాయన శాస్త్రంపై ఆసక్తి ఉంటే దూరాలు వెతకక్కర్లేదు. ఆ శాస్త్రానికే అంకితమైన కేంద్ర పరిశోధన సంస్థ, సెక్రి, మన తమిళనాడులోనే కారైకుడిలో ఉంది. అళగప్ప చెట్టియార్ ఇచ్చిన 300 ఎకరాల్లో 1948 జులై 25న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 1953 జనవరి 14న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు.