పత్తిపోగు మొత్తం ఒకే కణం!

కణం కంటికి కనబడదని బళ్లో చదువుకున్నాం. పత్తి విషయంలో ఆ మాట చెల్లదు. విచ్చిన పత్తికాయలోంచి ఒక గింజ తీసి, దాని దూదిలోంచి ఒక్క పోగు లాగి వెలుతురులో పట్టుకోండి. అంగుళం పైచిలుకు ఉండే ఆ పోగంతా ఒకే ఒక్క కణం. దాని పొడవు వెడల్పుకు వెయ్యి రెట్లు పైనే. పువ్వు విచ్చిన రోజునే, గింజ కాబోయే అండం పైపొర మీద ఈ కణాలు పొడుచుకొస్తాయి. రెండు మూడు వారాలు సాగుతాయి. ఆ సాగడం నెమ్మదించాక గోడ లోపలివైపు పొర మీద పొరగా సెల్యులోజ్ పేరుకుంటుంది. కాయ పగిలేసరికి కణం చచ్చిపోయి గోడ మాత్రం మిగులుతుంది. ఆ గోడ ఎండి మెలితిరుగుతుంది. ఆ మెలికలతోనే పోగూ పోగూ పట్టుకుని నూలవుతాయి. ముదిరిన పోగులో నూటికి 90 పాళ్లకు పైగా సెల్యులోజే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో కొండపత్తిని ఏకేవాళ్ల చేతుల్లో ఉన్నవి ఈ గోడలే.

పొడవులో పత్తిని కూడా మించింది రామీ. తూర్పు ఆసియాలో బట్టల కోసం పెంచే ఈ మొక్క నారలో ఒక్కో కణం అరమీటరు దాకా ఉంటుంది.

అసలు కణం అన్న పేరు పుట్టిందే ఖాళీ గోడల నుంచి. 1665లో లండన్‌లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి చూసినప్పుడు ఆయనకు కనబడ్డవి చచ్చిన కణాల గోడలే. ఘనపు అంగుళంలో అలాంటి గదులు 125 కోట్ల 97 లక్షల 12 వేలు ఉంటాయని లెక్కగట్టి మరీ రాశాడు.

కణం ఆ గోడను ఎలా కడుతుందో తెలియడానికి మాత్రం మూడు శతాబ్దాలు పైనే పట్టింది. సెల్యులోజ్‌ను 1838లో ఫ్రాన్స్‌లో ఆన్సెల్మ్ పాయెన్ గుర్తించాడు. దాన్ని అల్లే ఎంజైము జన్యువులు మొక్కల్లో మొదట దొరికింది 1996లో, అదీ పత్తిపోగుల్లోనే. 2006లో పరెడెజ్, సోమర్‌విల్, ఎర్హార్ట్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు బతికున్న అరబిడాప్సిస్ మొక్కలో ఈ ఎంజైములకు మెరిసే ప్రోటీన్ తగిలించి, అవి పని చేస్తుండగానే చూశారు. కణం లోపలి సన్నని నాళికల దారి పట్టుకుని, సెల్యులోజ్ వదులుతూ, నిమిషానికి మిల్లీమీటరులో మూడు వేలో వంతు చొప్పున అవి నడుస్తున్నాయి. మొక్కల కణశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఇదే.

కణం పెరిగే వేగంలో ముందువరసలో ఉండేది మొక్కజొన్న. పొత్తు చివర వేలాడే పీచులో ప్రతి పోగూ ఒక్కో గింజది. పోగు మీద పుప్పొడి రేణువు పడితే దానిలోంచి నాళం మొలిచి, గంటకు సెంటీమీటరు దాకా దిగుతుంది. అడుగు పొడవున్న పీచునైనా ఒకటి రెండు రోజుల్లో దాటి అండాన్ని చేరుతుంది. నాళం పెరిగేది కొసనే. అక్కడి గోడ మెత్తన, వెనకది గట్టి. పీచు వచ్చే సమయంలో నీటి ఎద్దడి వస్తే ఈ ప్రయాణం సాగదు. పొత్తు మీద గింజ కట్టని ఖాళీలు అలా కూడా వస్తాయి.

ఇక పరిమాణం సంగతి. వెచ్చని సముద్రాల్లో పెరిగే వలోనియా అనే నాచు గోలీ అంత ఉంటుంది, అదంతా ఒకటే కణం. దాని గోడలో సెల్యులోజ్ ఎంత క్రమంగా పేర్చి ఉంటుందంటే, 1930ల్లో ఎక్స్‌రేలతో సెల్యులోజ్ నిర్మాణాన్ని చదవడానికి శాస్త్రవేత్తలు దాన్నే ఎంచుకున్నారు. మరో నాచు కాలెర్పా అయితే మీటర్ల పొడవు పాకుతుంది. ఆకుల్లాంటివీ వేళ్లలాంటివీ ఉన్నా లోపల అడ్డుగోడ ఒక్కటీ లేదు. మన కొబ్బరిబొండంలోనూ మొదట ఇదే తీరు: గోడల్లేకుండా కేంద్రకాలు ద్రవంలో తేలుతుంటాయి. తర్వాత అంచు నుంచి గోడలు కట్టుకుంటూ వస్తాయి. మనం గీకి తినే లేత కొబ్బరి అదే.

గోడను బద్దలు కొట్టడంలో పేరుమోసింది వరికి అగ్గి తెగులు తెచ్చే శిలీంద్రం. ఆకు మీద వాలిన బీజం మొలకెత్తుతుంది, ఆ మొలక కొస చిన్న బుడిపెగా ఉబ్బుతుంది. దాని గోడకు మెలనిన్ పూత ఉంటుంది, లోపల గ్లిసరాల్ పేరుకుంటుంది. నీరు చొరబడి ఒత్తిడి 80 బార్‌ల దాకా, అంటే కారు టైరులో ఉండేదానికి సుమారు 40 రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడితో సన్నని ములుకు ఆకు గోడలోకి దిగబడుతుంది. రైతులు పిచికారీ చేసే ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారీనే ఆపుతుంది. పూత లేని బుడిపె ఒత్తిడిని నిలుపుకోలేదు. అందుకే ఈ మందు పనిచేసేది శిలీంద్రం ఆకులోకి దిగకముందే.